కత్తెరకు పడని ఓటు

పదేళ్లు దాటింది. ఒక మాట గొంతులో అడ్డం పడి అక్కడే ఉంది, మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లయితే మధ్యలో నా మొహం చూస్తారు, నేను ఆపేస్తాను.

మాది వేంపల్లె పక్కన ఒక ఊరు. పేరు రాయను. నాకు సైకిల్ షాపు ఉండేది. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి, తక్కినదంతా పేపర్లలో నేర్చుకున్నాను. పొద్దున్నే షాపు ముందు పేపరు గట్టిగా చదివేవాణ్ణి, పక్క వీధి నేతగాళ్లు వచ్చి వినేవాళ్లు. ఓటు విలువ ఏమిటో తెలియకుండా ఒకడు చెప్పిన గుర్తుకు గుద్ది వచ్చేవాళ్లను నేను తిట్టిన తిట్లు ఆ వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తిట్లు నన్ను తిరిగి ఎవరూ తిట్టలేదు. తిట్టాల్సిన మనిషి తిట్టకుండానే పోయింది.

ఆమె పేరు లక్షుమ్మ. అక్కా అని పిలిచేవాణ్ణి. నలభై ఏళ్లు మగ్గం గుంటలో కూర్చుని చీరలు నేసింది. చూపు పూర్తిగా పోయాక అరుగు మీద కూర్చుని నూలు కండెలు చుట్టేది. నూలు పోగు తెగితే చూపున్న కోడలి కంటే ముందు ఆమె వేళ్లకు తెలిసేది.

ఆసారి ఎన్నికల్లో రెండు ఓట్లు. ఒకటి అసెంబ్లీకి, ఒకటి పార్లమెంటుకు. ముందు రోజు నన్ను పిలిపించింది.

"రేపు నాకు తోడు రావల్లప్పా. ఇంట్లోవాళ్లను తీసుకపోతే వాళ్లకు నచ్చినోనికి నొక్కుతారు. నువ్వు చదువుకున్నోడివి, తప్పు చెయ్యవు."

అసెంబ్లీకి ఎవరికో చెప్పింది. సరే అన్నాను. ఢిల్లీ ఓటు మాత్రం కత్తెర గుర్తుకు అంది. నేను ఉలిక్కిపడ్డాను. కత్తెర ఒక ఇండిపెండెంటుది. మగ్గం నేసిన మనిషే, ఏ పార్టీ అండా లేదు. డిపాజిట్టు కూడా రాదని అందరికీ తెలుసు.

"ఓటు చెడిపోతుందక్కా."

"గెలిచేవోనికి వేసిందే ఓటైతే, తక్కినోళ్లంతా గుడ్డలు ఉతకను పోయినారా? గెలవడని నాకూ తెలుసు. మా గుంట సంగతి ఢిల్లీలో అడుగుతానని వచ్చినాడు ఆయప్ప. మా బూతులో ఒక్కటన్నా పడిందని ఆయప్పకు తెలియల్ల. అంతే. ఇంతకూ ఆ కత్తెర యాడుండాది?"

"కిందికుంటుంది. తొమ్మిదోది."

ఆ ఏడాది నాకు ఒక పార్టీ మీద ఒళ్లు మండిపోతోంది. దాన్ని దించాలంటే దానికి ఎదురు నిలబడిన పెద్ద పార్టీకే ప్రతి ఓటూ పడాలని రోజూ పేపరు చదివి అరిచేవాణ్ణి. నా ఓటు ఎటూ వాళ్లకే వేశాను. వేసి వచ్చి, లక్షుమ్మక్కను నడిపించుకుని వెళ్లాను.

బూతులో ఆఫీసరు ఒక కాగితం ఇచ్చాడు. ఆమె చెప్పినట్టే వేస్తాను, ఎవరికి వేసిందీ బయట చెప్పను అని అందులో ఉంది. సంతకం పెట్టే ముందు పెద్ద గొంతుతో చదివాను. చదవడం వచ్చని చూపించుకోవడానికి. ఆ రెండు మాటల్లో రెండోదాన్ని ఇన్నేళ్లు బ్రహ్మాండంగా నిలబెట్టుకున్నాను, ఎందుకంటే దాంట్లో నాకు లాభం ఉంది.

అట్ట చాటున రెండు మిషన్లు. అసెంబ్లీది ఆమె చెప్పినట్టే నొక్కాను. రెండోదాని ముందు నిలబడ్డాను. ఆమె నా మణికట్టు పట్టుకుని ఉంది, గట్టిగా కాదు, ఊరికే ఆనించినట్టు. నా వేలు రెండో బటన్ దగ్గర, ఆ పెద్ద పార్టీ గుర్తు దగ్గర ఆగింది. ముందే అనుకున్నానా? నన్ను నేను ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నానో. అనుకోలేదనే చెప్పుకునేవాణ్ణి. అబద్ధం. ముందు రోజు ఆమె అరుగు దిగేటప్పుడే, దేశానికి ఏది మంచిదో ఆమెకు తెలియదు, నాకు తెలుసు అనుకున్నాను.

నొక్కాను. మిషను కూసింది.

"కత్తెరేనా?" అంది.

"కత్తెరేక్కా."

ఇంటిదాకా ఏమీ అనలేదు. ఎండకు అలసిపోయిందనుకున్నాను.

లెక్కింపు అయిన కొన్ని రోజులకు ఒక పార్టీ ఏజెంటు ట్యూబు పంక్చరు వేయించుకోవడానికి వచ్చాడు. అతని చేతిలో బూతుల వారీ ఓట్ల కాగితం. మా బూతు వరుస వెతికాను. కత్తెర కింద సున్నా. అన్ని మగ్గాలున్న వీధిలో, సున్నా. అందరూ నా మాట విన్నారు. విననిది ఒక్క ఆమె. ఆ ఒక్కదాన్నీ నేను మింగేశాను.

ఆ సాయంత్రం లక్షుమ్మక్క అరుగు మీంచి పిలిచింది.

"ఏమప్పా, మన బూతులో కత్తెరకు ఎన్ని పడె?"

నోటికి ఎలా వచ్చిందో. "ఒకటి" అన్నాను.

ఆమె చేతిలో కండె ఆగింది.

"ఒకటా? అయితే అది నీదేప్పా."

"నాదేంటి, నీదే కదక్కా."

"నాది యాడిది? తొమ్మిదోది కిందుండాదంటివి. నీ చెయ్యి పైనే ఆగిపాయ. పట్టుకోనే ఉంటి కదా నేను. ఆ పొద్దు నీ మీద శానా కోపమొచ్చిండె. ఇప్పుడు తెలిసె. నా ఓటు నీ పార్టీకి వేసుకోని, నీ ఓటు ఆయప్పకు వేస్తివి. చెప్పి చేసింటే నేనేమన్నా వద్దంటానా? చదువుకున్నోళ్లు ఏదీ సక్కంగా చెయ్యరు." నవ్వింది. "కూచో, కాపీ తాగిపో."

నేను కూర్చున్నాను. కాఫీ తాగాను.

ఇదీ నేను చేసింది. ఓటు దొంగిలించడం ఒక తప్పు, దానికైనా ఏదో కోపం, ఏదో తొందర అని పేరు పెట్టొచ్చు. ఆ కాఫీకి ఏ పేరు పెట్టాలి? నా చెయ్యి ఎక్కడ ఆగిందో తెలిసి కూడా నన్ను మంచివాణ్ణి చేయడానికి ఆమె అంత దూరం ఆలోచిస్తే, నేను కాదనలేదు. ఆమెకు నిజంగా అలాగే తోచిందా? లేక నాకు నోరు విప్పడానికి ఒక దారి ఇచ్చి చూసిందా? తెలియదు. ఎప్పటికీ తెలియదు. ఆ వారంలోనే వీధంతా చెప్పింది, మన బూతులో కత్తెరకు వేసిన మగోడు నేనొక్కణ్ణే అని. నేతగాళ్లు నాకు బెంచీ మీద చోటిచ్చి కూర్చోబెట్టేవాళ్లు. కూర్చున్నాను.

తర్వాతి ఎన్నికలు రాకముందే ఆమె పోయింది. పాడెకు నేనూ భుజం పట్టాను.

మొన్నటి ఎన్నికల్లో మిషను ముందు చాలాసేపు నిలబడిపోయాను. ఏ పార్టీకి వేయాలో అరిచి చెప్పేవాడికి, తన వేలు ఎక్కడ పెట్టాలో తోచలేదు. వెనక నుంచి ఆఫీసరు, చిన్నపిల్ల, మెల్లగా అడిగింది. "ఏం తాతా, కనపడల్యాదా? తోడు ఎవరినన్నా పిల్చల్లనా?"

వద్దమ్మా అన్నాను. వేసి వచ్చాను. ఎవరికో అడగకండి.

ఈ కాగితం చదివితే మీరు నన్ను క్షమిస్తారని రాయలేదు. పోయింది మీ ఓటు కాదు. ఆ అరుగు మీద కూర్చుని చెప్పాల్సిన మాట ఒకటుంది, కాఫీ గ్లాసు కింద పెట్టి చెప్పాల్సింది. ఇప్పుడు రాస్తున్నాను.

నేనూ వేయలేదక్కా. ఒకటి కూడా పడలేదు.