నాన్నగారి బండికి వచ్చిన కబురు

మా బండికి బ్రేకు చెడిపోయే ప్రమాదం ఉందని కంపెనీవాళ్ళు ముందే చెప్పారు. ఒకసారి కాదు, చాలాసార్లు చెప్పారు. ఫోన్ చేసి, పేరుకు గారు తగిలించి, ఎంతో మర్యాదగా చెప్పారు. ఆ బండి నడిపేవాణ్ణి నేను. నాకు మాత్రం తెలియలేదు.

బండి అంటే పికప్ వ్యాను. నాన్నగారు కొన్నది. రాజోలు దగ్గర మా ఊరి చుట్టుపక్కల తోటల్లో దింపిన కొబ్బరికాయల్ని అంబాజీపేట మార్కెట్టుకు చేర్చడం ఆయన పని. నేను బీఈడీ చదివాను. ఉద్యోగం కోసం పరీక్షలు రాసి రాసి విసిగిపోయి, చివరికి వెళ్ళి ఆయన పక్కసీట్లో కూర్చున్నాను. "చదువుకున్న క్లీనరు దొరికేడండీ నాకు" అని మార్కెట్టులో కనబడినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవారు. నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆ మాట ఇంకొక్కసారి అంటే బాగుండును అనిపిస్తుంది.

కిందటేడాది వానాకాలంలో ఆయన పోయారు. పొద్దున్నే బండి అద్దం తుడుస్తూ, గుండెల్లో మంటగా ఉందంటూ అరుగు మీద కూర్చున్నారు. అదే బండిలో ఎక్కించుకుని అమలాపురం ఆసుపత్రికి బయలుదేరాను. నేను నడుపుతుంటే ఆయన పక్కసీట్లో కూర్చోవడం అదే మొదలు, అదే ఆఖరు. దారిలోనే అయిపోయింది.

బండి నా పేరుకు మార్పించుకోమని అందరూ చెప్పారు. చూద్దాంలే అంటూ రోజులు గడిపాను. బద్ధకం అనుకున్నారు. ఆయన పేరు తీసేసి అక్కడ నా పేరు పెట్టించుకోవడానికి నాకు మనసు రాలేదు, అంతే. ఆయన ఫోను మాత్రం అమ్మ తీసుకుంది. టీవీ పక్కన పెట్టుకుని రోజూ ఛార్జింగు పెట్టేది. నేను లోడుకీ, నా భార్య కొత్తపేటలో తను పాఠాలు చెప్పే బడికీ వెళ్ళిపోతే, సాయంత్రం దాకా ఇంట్లో అమ్మ ఒక్కతే.

ఇక్కడ అమ్మ గురించి ఒక సంగతి చెప్పాలి. ఆవిడ ఏనాడూ నాన్నగారి పేరు పలకలేదు. మా వైపు పాతతరం ఆడవాళ్ళలో చాలామంది అంతే, గుడికి వెళ్ళేవాళ్ళయినా, మాలాగా చర్చికి వెళ్ళేవాళ్ళయినా. ఆధార్ కార్డు దగ్గర భర్త పేరు అడిగితే నా వైపు తిరిగి "నువ్వు చెప్పరా" అంది. చర్చిలో ప్రార్థన చెయ్యమని అడిగేటప్పుడు కూడా "మా ఇంటాయన కోసం" అనేది. "ఎవరో దేవుడికి తెలియొద్దూ?" అని నేను ఏడిపించేవాణ్ణి. "ఆయనకి తెల్సులే, నువ్వు నోరుముయ్యి" అనేది.

ఆయన ఉన్నన్నాళ్ళూ వాకిట్లోకి వచ్చిన ప్రతివాళ్ళూ ఆ పేరు పెట్టే కేకేసేవారు. తోటల రైతులు, దింపు కూలీలు, మార్కెట్టు వ్యాపారులు, అందరూ. ఆయన పోయాక ఆ పేరు మా ఇంట్లో వినపడడం మానేసింది. నేను నాన్నగారు అంటాను. నా భార్య మావయ్యగారు అంటుంది. ఊళ్ళోవాళ్ళు మీ నాన్న అంటారు. మనిషితోపాటు పేరు కూడా వెళ్ళిపోయిందన్న సంగతి నేను గమనించనే లేదు. అమ్మ గమనించింది.

ఈ ఏడాది చలికాలం మొదట్లో ఒకరోజు నిండు లోడుతో కాలవగట్టు మీద వస్తున్నాను. మలుపులో గడ్డిమోపు కట్టుకున్న సైకిలు ఒకటి అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాను. పెడలు మెత్తగా కిందికంటా దిగిపోయింది, బండి మాత్రం ఆగలేదు. ఒక పక్క నిండుగా పారుతున్న కాలవ, ఇంకో పక్క ఎవరో పోసుకున్న కొబ్బరి డొక్కల గుట్ట, కాయల మీంచి ఒలిచిన పీచు. ఆలోచించే వ్యవధి ఎక్కడిది, డొక్కల వైపు తిప్పేశాను. బండి సగం దాకా అందులోకి దూసుకుపోయి ఆగింది. పైనున్న కాయలు కొన్ని దొర్లి కాలవలో పడి, ఏమీ జరగనట్టు తేలుకుంటూ అంతర్వేది వైపు వెళ్ళిపోయాయి.

"దేవుడు కాపాడేడండీ మిమ్మల్ని" అన్నాడు సైకిలాయన.

"దేవుడూ, డొక్కలూ" అన్నాను.

మా ఊరి మెకానిక్కు వచ్చి కిందికి దూరి చూశాడు. బ్రేకు ఆయిలు పైపు పక్కనున్న ఇనుముకు రాసుకుని రాసుకుని చిల్లు పడిందట. "ఈ మోడలు బళ్ళకి ఉన్న తేడాయేనండీ ఇది. కంపెనీవోళ్ళే బళ్ళన్నీ వెనక్కి రప్పించి, ఊరికే పైపు మార్చి పంపుతన్నారు గదండీ. మీకు ఫోన్ రాలేదేంటండీ?" అన్నాడు.

"రాలేదు" అన్నాను గట్టిగా. వాళ్ళ పనితనాన్నీ, వాళ్ళ ఏడు తరాల్నీ తిట్టుకుంటూ ఇంటికి వచ్చాను. అమ్మ పెరట్లో తోటకూర తరుగుతోంది. జరిగినదంతా చెప్పి, "మనుషులు చస్తే గానీ వాళ్ళకి గుర్తు రాదు, ఒక్క ఫోన్ చేసి చావొచ్చుగా" అని అరిచాను.

కత్తిపీట దగ్గర అమ్మ చేతిలో కూర అలాగే ఉండిపోయింది.

"చేసేర్రా" అంది.

"ఎవరు?"

"ఆ కంపెనీ అమ్మాయి. మీ నాన్నగారి ఫోనుకి చేసేది. బండికి ఏదో మార్చాలంట, తీసుకురమ్మనేది."

"మరి చెప్పలేదేం?"

"చెప్పేను."

"ఎవరికి చెప్పావు?"

అమ్మ నా మొహంలోకి చూడలేదు. "సార్‌కి తప్పకుండా చెప్పండమ్మా, ముఖ్యం అందిరా. ఆదివారం ఆరాధన అయ్యేక సమాధుల తోటకి వెళ్ళి చెప్పేను. వచ్చినప్పుడల్లా చెప్తానే ఉన్నాను."

నా నోట అన్నీ చెడ్డమాటలే వచ్చాయి. బతికున్న కొడుకు ఆ బండి తోలుతుంటే కబురు తీసుకెళ్ళి సమాధికి చెప్తావా అన్నాను. నేను కాలవలో పడితే అప్పుడు ఇద్దరికీ కలిపి చెప్పుకునేదానివా అన్నాను. ఆయన పోయారని ఆ అమ్మాయితో ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయేది అన్నాను.

అమ్మ ఏడవలేదు. కూర పక్కకు జరిపి, పైట కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మొదటిసారి చేసినప్పుడు పేరు పెట్టి, గారు ఉన్నారా అండీ అందిరా. ఎన్నాళ్ళయ్యిందో ఆ పేరు విని. లేరని నోటికి రాలేదు. స్నానం చేస్తన్నారండీ అన్నాను. సర్లెండి, మళ్ళీ చేస్తాను అంది. మళ్ళీ చేసింది. లోడుకెళ్ళేరండీ అన్నాను. ఇంకోసారి, ఇప్పుడే భోంచేసి పడుకున్నారండీ, లేపమంటారా అన్నాను. వద్దమ్మా, పడుకోనివ్వండి అంది. ఎంత మంచిపిల్లో." కాస్త ఆగి మళ్ళీ అంది. "ఆ పేరు వినబడ్డాక తర్వాతేం చెప్పేదో నాకు సరిగ్గా ఎక్కేది కాదురా. బ్రేకు అంటే ఇంత ఉంటదని నాకు తెలీదు. నీ మీద ఒట్టు."

నా కోపం ఎటు పోయిందో పోయింది. దుఃఖం వచ్చింది. ఆయన పోయిన రోజు కూడా నాకు అంత దుఃఖం రాలేదు, అప్పుడు పనులు ఉన్నాయి. నేనూ నా భార్యా పొద్దున్నే తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయాక, ఆ ఖాళీ ఇంట్లో ఆవిడ ఆయనకు స్నానం చేయించింది, అన్నం పెట్టింది, పడుకోబెట్టింది. నిద్రలేపుతారేమోనని కాపలా కాసింది. నేను ఆ ఇంట్లోనే ఉంటూ ఇదేదీ ఎరగను. ఆవిడ పక్కనే మట్టిలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. అమ్మ నా తల మీద చెయ్యి వేసి, "ఏం కాలేదుగా, డొక్కలున్నాయిగా" అంది.

మెకానిక్కు పైపు తాత్కాలికంగా బాగుచేసి ఇచ్చాక ఖాళీబండితో నెమ్మదిగా రాజమండ్రి షోరూముకు బయలుదేరాను. నేనూ వస్తానంది అమ్మ. చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని, నాన్నగారి ఫోను చేతిసంచిలో వేసుకుని పక్కసీట్లో కూర్చుంది.

షోరూములో కంప్యూటరు ముందున్నాయన బండి నంబరు కొట్టి చూసి, "ఎన్నిసార్లు ఫోన్ చేయించేమండీ మీకు! సార్ ఎప్పుడూ బిజీయేనంట" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. "ఓనరు గారి పేరు ఒకసారి చెప్పండి, సరిచూసుకోవాలి" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా అమ్మ నా చెయ్యి పట్టుకుంది. నువ్వు చెప్పరా అంటుందనుకున్నాను. అనలేదు. కంప్యూటరు ముందున్నాయన వైపే చూస్తూ, ఇంటిపేరుతో సహా, చివర గారు చేర్చి, నాన్నగారి పేరు చెప్పింది.

బాగా చదువుకున్న పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. అన్నేళ్ళ కాపురంలో ఆయన ఎన్నడూ ఆవిడ నోట ఆ పేరు వినలేదు. వినడానికి ఆయన ఇప్పుడు లేరు. ఆ పేరు నేనిక్కడ రాయను. ఆవిడ పలికినంత బాగా నేను రాయలేను.

"సార్ రాలేదా అమ్మా?" అన్నాడాయన.

"ఆయన లేరు బాబూ. కిందటేడు పోయేరు."

ఆయన నవ్వు ఆగిపోయింది. "అయ్యో, క్షమించండమ్మా. మాకు తెలీదు. ఈ నంబరు తీసేసి అబ్బాయిగారి నంబరు పెట్టేస్తాను. ఇంక మీకు మా ఫోన్ల ఇబ్బంది ఉండదు" అన్నాడు.

"ఇబ్బందేం లేదు బాబూ" అంది అమ్మ. ఆయన అప్పటికే టకటకా కొట్టేస్తున్నాడు.

మధ్యాహ్నానికి కొత్త పైపు వేసి ఇచ్చారు. తిరుగుదారిలో రావులపాలెం వంతెన మీదికి వచ్చాక, అమ్మ "బ్రేకు పడతందా?" అని అడిగింది. "బాగా పడుతోందమ్మా" అన్నాను. "ఆయ్" అని కిటికీలోంచి గోదావరి వైపు తిరిగి కూర్చుంది. ఆదివారం సమాధుల తోటకు నేనూ తోడు వెళ్ళాను. బండి బాగయిందని నాన్నగారికి చెప్పింది. ఈసారి నేను వేళాకోళం చెయ్యలేదు.

ఆ తర్వాతి వారం, మార్కెట్టు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే అరుగు మీద పెట్టిన నా ఫోను మోగింది. తడి చేతులతో స్పీకరు నొక్కాను. కంపెనీ నుంచి ఎవరో అమ్మాయి. నా పేరు పెట్టి, "గారితో మాట్లాడొచ్చా అండీ?" అంది. సర్వీసు ఎలా చేశారో కనుక్కోవడానికట. వంటింట్లో గిన్నె కింద పెట్టిన చప్పుడయింది. అమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని గబగబా గుమ్మం దాకా వచ్చింది. ఆవిడ అంత వేగంగా నడిచి చాలా రోజులయింది.

"ఆ అమ్మాయేనా? గొంతు విని వచ్చేను" అంది.

"ఆఁ."

"ఎవర్ని అడుగుతుందిరా?"

అబద్ధం చెబుదామా అనుకున్నాను. ఫోనులో ఆ అమ్మాయి మళ్ళీ నా పేరే పిలిచింది.

"నన్నేనమ్మా" అన్నాను.

"ఆయ్" అంది. కాసేపు గుమ్మం పట్టుకుని అక్కడే నిలబడింది. "మీ నాన్నగారి కోసమేమో అనుకున్నాను. సర్లే, మాట్లాడు" అని లోపలికి వెళ్ళిపోయింది.