రెండు గూటాల పరీక్ష

1955 వేసవిలో నన్ను భూసంరక్షణ శాఖ ఆదోని సెక్షనులో ఫీల్డ్ అసిస్టెంటుగా వేశారు. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమనున్న నల్లరేగడి పల్లెల్లో, వాలు చేలకు అడ్డంగా మట్టి గట్లు వేయించడం మా పని. వాననీరు పరుగెత్తితే మన్ను దానితోపాటే పోతుంది. గట్టు ఆ నీటిని ఆపి నేలలోకి ఇంకనిస్తుంది. మిగిలిన నీరు గట్టు కొసన రాళ్లు పేర్చిన మరవ మీదుగా వంకలోకి దిగిపోతుంది. ఇందులో కష్టమంతా గట్టు ఏ గీత మీద నడవాలో తేల్చడంలో ఉంది. గీత పొడవునా నేల ఒకే ఎత్తున ఉండాలి. అర అడుగు తేడా వచ్చినా నీళ్లన్నీ పల్లానికి చేరి, అక్కడే గట్టును తెంపుతాయి.

ఆ గీతను తేల్చేది లెవెల్. మూడుకాళ్ల స్టాండు మీద బిగించే దుర్భిణి అది. బుడగను నడిమికి తెచ్చి, దూరాన మనిషి నిలబెట్టిన అంకెల కర్రను అందులోంచి చదువుతాము. సెక్షనుకంతా లెవెల్ ఒకటే. దాన్ని పంచుకోవలసినవాళ్లం ఇద్దరం, నేనూ ఖాసిమూ.

ఖాసిం ఆదోనివాడు. నేను చేరిన రోజే తనూ చేరాడు. నాకు శిక్షణ సర్టిఫికెట్టు ఉంది, అతనికి లేదు. లెవెల్ పట్టడం, పుస్తకం రాయడం, లెవెల్ బాగోగులు తేల్చే రెండు గూటాల పరీక్ష, అన్నీ అతనికి నేర్పింది నేనే. ఆరు నెలలు తిరిగేసరికి పల్లెల్లో అతను ‘ఖాసిమన్న’ అయిపోయాడు. నేను మాత్రం ‘గట్ల సారు’గానే మిగిలాను. దాచడమెందుకు, కడుపు మండేది. చేలో నిలబడి అటూ ఇటూ ఒక్కసారి చూసి, "నీళ్లు ఈడికొచ్చి నిలబడతాయి సూడు" అనేవాడు. కిందటి వానకు కొట్టుకొచ్చిన చెత్త ఎక్కడ ఆగిందో, నేల ఎక్కడ ఆలస్యంగా నెర్రెలు విచ్చిందో చూసి చెప్పేవాడట! నేను గంటసేపు లెవెల్ పెట్టి లెక్క వేస్తే అదే చోటు తేలేది. మా ఇంజనీరు గారు ఒకసారి నా ఎదుటే, "ఖాసిం కళ్లలోనే లెవెల్ ఉందయ్యా" అని నవ్వారు. నా పుస్తకాల్లో ఒక్క కొట్టివేత ఉండేది కాదు. దాన్ని గురించి ఆయన ఎన్నడూ ఒక్క మాట అన్న పాపాన పోలేదు.

తిండి దగ్గరా అంతే. మా నాయన మంత్రాలయం దగ్గర పల్లెలో బడిపంతులు, మాది మడి కట్టుకునే ఇల్లు. నేను డబ్బాలో పెరుగన్నం తెచ్చుకొని గట్టు మీద ఒక్కణ్ణే కూర్చునేవాణ్ణి. ఖాసిం రైతుల మధ్య కూర్చుని జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి తినేవాడు. వాళ్ల నవ్వులు నాదాకా వినిపించేవి. నాకు అన్నం సహించేది కాదు.

మరుసటి వేసవిలో సూపర్‌వైజరు పోస్టు ఒకటి వచ్చింది. ఆ ఏడు వేసిన గట్లలో మొదటి పెద్దవానకు ఎవరివి నిలుస్తాయో చూసి, మా ఇద్దరిలో ఒకరి పేరు పైకి పంపుతానన్నారు ఇంజనీరు గారు. ఆ వారంలోనే నేను ఎమ్మిగనూరు నుంచి ఎద్దులబండిలో లెవెల్ తెస్తుండగా చక్రం గాడిలో పడి, పెట్టె జారి నేలకు కొట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే రెండు గూటాల పరీక్ష చేశాను. రెండు వందల అడుగుల ఎడంతో రెండు గూటాలు కొట్టి, వాటి ఎత్తుల తేడాను మొదట సరిగ్గా నడుమ నుంచి, తర్వాత ఒక గూటం పక్క నుంచి చదవాలి. రెండుసార్లూ ఒకే తేడా వస్తే లెవెల్ మంచిది. నాకు రాలేదు. దుర్భిణి చూపు కొద్దిగా పైకి లేచింది. దూరం పెరిగేకొద్దీ ఆ తప్పు పెరుగుతుంది. నియమం ప్రకారం వెంటనే రిజిస్టరులో రాసి, లెవెల్‌ను మరమ్మతుకు కర్నూలు పంపాలి.

రాద్దామనే రిజిస్టరు తెరిచాను. అప్పుడే ఖాసిం వచ్చాడు, వెంట ఈరన్న అనే రైతు. గట్టు వేస్తే చేను పాడవుతుందని రెండేళ్లుగా మొండికేసినవాడు ఈరన్న. నేను మూడుసార్లు నచ్చజెప్పబోతే మూడుసార్లూ కసిరి పంపాడు. ఇప్పుడు నావైపు చూడనైనా చూడకుండా, "ఖాసిమన్న ఏస్తానంటేనే ఒప్పుకొంటి. ఇంకొకరైతే మా సేన్లో కాలు పెట్టనియ్యను" అన్నాడు.

ఒళ్లు భగ్గుమంది. రిజిస్టరు మూసేశాను.

"లెవెల్ సరిగా ఉండాదా సామీ?" అని ఖాసిం అడిగాడు. ఉంది అని తల ఊపాను. పెట్టె ఎత్తి అతని భుజానికి నేనే అందించాను.

నా గట్ల విషయంలో మాత్రం జాగ్రత్తపడ్డాను. ముందు గూటానికీ వెనక గూటానికీ సమాన దూరంలో లెవెల్ నిలిపితే, రెండువైపులా తప్పు ఒకటే అయి చెల్లిపోతుంది. అలా మాటిమాటికీ స్టాండు మార్చుకుంటూ నా గీతలు పూర్తి చేశాను. ఖాసిం అలా చేయడని నాకు తెలుసు. చేను నడుమ స్టాండు నిలిపి, అక్కడి నుంచే రెండు కొసల దాకా చదివేస్తాడు. ఈ లెవెల్‌తో అలా చదివితే నడిమి గూటాలు పల్లంలోను, కొసలు మెరకలోను పడతాయి. మరవ ఉండేది కొసన, నీళ్లు అక్కడికి ఎక్కనే ఎక్కవు. ఇదంతా నేను ముందే లెక్క వేసుకున్నాను. వేసుకొని సంతోషించాను కూడా. గట్టు కట్టడానికి పది రోజులు పట్టింది. ఏ రోజైనా నోరు విప్పి ఉండవచ్చు, విప్పలేదు.

చిన్న జల్లులు పడ్డాక ఈరన్న కొర్ర విత్తాడు. మొలకలు వచ్చి పది రోజులు కాలేదు, ముంగారు వాన దంచింది. నా గట్లన్నీ నిలిచాయి. ఈరన్న గట్టు సరిగ్గా నడుమ తెగింది. మొలకలతో సహా పైమన్ను లేచిపోయి చేలో మోకాటిలోతు వంక పడింది. నిజం చెబుతున్నాను, దాన్ని చూడగానే నాకు మొదట కలిగింది ఊరట.

"గట్టు లేనప్పుడు మన్ను కొంచెం కొంచెం పోతాండె. మీరు గట్టేసి ఒక్కతూరే పంపిస్తిరి గదప్పా!" అన్నాడు ఈరన్న. ఈసారి ఖాసింను కూడా అన్నా అని పిలవలేదు.

ఇంజనీరు గారు అక్కడే ఖాసింకు మెమో రాసిచ్చి, సంజాయిషీ అడిగి వెళ్లారు. ఖాసిం ఆ కాగితం పట్టుకొని బురదలో నా పక్కన నిలబడ్డాడు.

"గీత ఏసేనాడే నా కంటికి నడుమ పల్లంగా కనబడె సామీ. గూటాలు పీకేద్దామనుకొంటి. మళ్లా, సామి సూసిన లెవెల్ తప్పు సెప్పదులే, నా కన్నే తప్పని ఊరకుంటి" అన్నాడు.

ఏ కంటిని చూసి ఏడాదిగా కళ్లల్లో నిప్పులు పోసుకున్నానో, ఆ కంటిని నా మాట మీద నమ్మకంతో అతను పక్కన పెట్టాడు. నా పనికి విలువ ఇచ్చేవాడు ఒక్కడూ లేడని కుళ్లిపోయాను. ఇచ్చినవాడు వీడే. అతన్ని చూడడానికి నాకు మొహం చెల్లలేదు.

ఆ మధ్యాహ్నమే ఇంజనీరు గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కేకలు వేయలేదు. పరీక్షలో తేలిన తప్పు, అది చెప్పకుండా లెవెల్ ఇచ్చిన సంగతి, రెండూ తేదీతో సహా రిజిస్టరులో నా చేతనే రాయించారు. మెమో నా పేరు మీదికి మారింది. సూపర్‌వైజరుగా ఖాసిం పేరు వెళ్లింది. సంగతి తెలిశాక అతను నాతో అన్నది ఒక్కటే మాట, "ముందే సెప్పింటే ఐపోతుండె గదా సామీ." లెవెల్ కర్నూలు వెళ్లి బాగై వచ్చాక ఈరన్న చేలో ఇద్దరం కలిసి గీత మళ్లీ వేశాము, గట్టు నిలిచింది. పోయిన మన్ను మాత్రం రాలేదు.

నాలుగేళ్లు ఖాసిం కింద పనిచేశాను. ఈర్ష్య పోయిందా అంటే పోలేదు. నా పుస్తకం మీద అతని సంతకం చూసినప్పుడల్లా చురుక్కుమనేది. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఇంతే: లెవెల్‌లో తప్పున్నా, ఆ సంగతి తెలిస్తే దిద్దుకుంటూ పని చేసుకోవచ్చు. తెలిసినవాడు నోరు మూసుకుంటే, ఆ తప్పును పని చేసేవాడు తన తప్పే అనుకుంటాడు.

లెవెల్ సరిగా ఉందా అని ఆ నాలుగేళ్లలో ఖాసిం నన్ను మళ్లీ అడగలేదు. నేను పెట్టె ఇచ్చిన ప్రతిసారీ, నా ఎదుటే రెండు గూటాలు కొట్టి, పరీక్ష చేసుకొని తీసుకెళ్లేవాడు. పద్ధతి ప్రకారం అదే సరి. నేను నేర్పినట్టే చేసేవాడు.