ఉప్పు చూసే వెతూరియా

క్రిస్మస్ ముందు ఆ ఊళ్ళో ఎవరింట పంది కోసినా వెతూరియాకి కబురు వెళ్ళాల్సిందే. సాసేజ్‌ల కోసం కొట్టిన కైమాలో వెల్లుల్లి, మిరియాలు ఎవరైనా కలుపుతారు, ఉప్పు మాత్రం ఆవిడే చూడాలి. పచ్చి కైమా చిటికెడు నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, "ఇంకో గుప్పెడు" అనేది. ఇక ఆవిడ మాటే మాట.

సమష్టి వ్యవసాయ క్షేత్రం ఉన్నన్నాళ్ళూ పశువుల డాక్టరు ప్రతి పంది నుంచీ చిన్న ముక్క పట్టుకెళ్ళి, పరీక్ష చేసి, పురుగు లేదన్నాకే ఎవరైనా నోట్లో పెట్టుకునేవాళ్ళు. కమ్యూనిస్టు ప్రభుత్వం కూలింది, క్షేత్రాన్ని పంచేసుకున్నారు, డాక్టరు పట్నం వెళ్ళిపోయాడు. పాడుబడ్డ కొట్టాల్లో ఎలకలు తెగ పెరిగాయి. పెరటి పందులు వాటిని పట్టుకుని కరకరా నములుతుంటే జనం చూసి నవ్వుకున్నారు, ఖర్మ! ముక్క పట్టుకుని పరీక్షకి అరాద్ పట్నం దాకా ఎవడు పోతాడు? "మన చేత్తో మేపిన పందికి రోగమేమిటి" అని వెతూరియా కూడా కొట్టిపారేసింది.

ఆ ఏడే పట్నంలో బట్టల మిల్లు మూతపడి, కొడుకు సిల్వియు, కోడలు మారినెలా ఊరికొచ్చి పడ్డారు. పిల్ల మంచిదే కానీ, పంది అరిస్తే చెవులు మూసుకునే రకం. తన తర్వాత ఈ ఇంట్లో ఉప్పు చూసేదెవరని వెతూరియాకి ఒకటే దిగులు.

"రావే, రుచి చూడు."

"పచ్చిదా? వద్దత్తయ్యా, కాస్త వేయించి చూస్తాను."

"వేయిస్తే ఉప్పు తెలుస్తుందా, నీ మొహం! మిల్లులో దారాలు కొరికిన నోరే కదా, దీనికేమొచ్చింది?"

పక్కింటి సబీనా కిసుక్కున నవ్వింది. "వదిలెయ్ వదినా, పట్నం పిల్ల. డబ్బాల్లో మాంసమైతేనే అరుగుతుంది."

మారినెలా మొహం కందిపోయింది. వేలితో ఇంత తీసుకుని మింగేసి, "ఉప్పు చాల్లేదత్తయ్యా" అంది. నిజంగానే చాల్లేదు! వెతూరియా పొంగిపోయింది. పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతి తొట్టెలోనూ రుచి చూపించింది.

కొత్త సంవత్సరం వచ్చేసరికి అత్తాకోడళ్ళిద్దరికీ జ్వరం, ఒళ్ళునొప్పులు, వాచిపోయిన కళ్ళు. ఫ్లూ అనుకున్నారు. వేయించిన సాసేజ్‌లే తిన్న సిల్వియుకి ఏమీ కాలేదు. వెతూరియా ఎలాగో లేచి తిరిగింది. మారినెలాని మాత్రం ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది.

"పంది మాంసంలో పురుగు. ఎలకల్ని తిన్న పందులకి పడుతుంది. గుండె కూడా దెబ్బతింది" అన్నాడు డాక్టరు. "పచ్చిది తిన్నావా అమ్మా?"

మంచం పక్కనే ఉన్న వెతూరియా దుప్పటి సర్దడం మొదలెట్టింది.

"తిన్నానండీ. ఎవరూ చూడకుండా నేనే తీసుకుని తిన్నాను" అంది మారినెలా, అత్తవైపు చూడకుండా.

అప్పుడైనా నోరు విప్పాలి కదా మనిషన్నాక? ఆ ఒక్క మాటకి ఎంతసేపు పడుతుంది? వెతూరియా దుప్పటి సర్దుతూ ఉండిపోయింది.

మంచు కరగకముందే మారినెలా పోయింది.

పాతిపెట్టి వచ్చాక అందరూ భోజనాలకి కూర్చున్నారు. సబీనా కళ్ళొత్తుకుంటూ, "ఏం చేస్తాం, ఆ పిల్లకి ఆత్రం. దొంగతిండి ప్రాణాల మీదికి తెచ్చింది" అంది.

"నోర్ముయ్ సబీనా!" వెతూరియా లేచి నిలబడింది. "నా కోడలు దొంగతిండి తినలేదు. వద్దు వద్దంటుంటే నేనే తినిపించాను. నువ్వూ ఉన్నావుగా అక్కడ!"

సిల్వియు చేతిలో రొట్టె బల్ల మీద పెట్టి తల్లి దగ్గరకొచ్చాడు. కొడతాడేమో అనుకుంది. కొట్టినా బాగుండేది.

"అప్పుడెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు. "ఎందుకు తిన్నావే దొంగచాటుగా అని, అది పోయిన రోజు పొద్దున కూడా తిట్టాను."