ఫ్రెంచి క్లాసుకొచ్చిన గొడుగాయన

చేతికందబోతున్న ఉద్యోగాన్ని పావుగంటలో నేనే ఎలా తగలేసుకున్నానో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. అన్నం తింటూ ఆ సంగతి తలుచుకుంటే మా ఇంట్లోవాళ్లకు ఇప్పటికీ పొలమారుతుంటుంది.

ఉప్పు సత్యాగ్రహం వేడి ఇంకా చల్లారని రోజులవి. నాకు ఇరవై రెండేళ్లు. ఏలూరు గ్రంథాలయంలో నేను చదవని పుస్తకం లేదని గర్వం. (నిజానికి రెండు బీరువాలు మిగిలాయి. వాటి తాళాలు దొరకలేదు.) అక్కడే ఒక ఫ్రెంచి వాచకం కంటపడింది. ఆర్నెల్లు దాన్ని నమిలి మింగాను. ఆ భాష మాట్లాడే మనిషిని మాత్రం ఎన్నడూ చూడలేదు. ఈత గురించి పుస్తకంలో చదివి కొల్లేట్లో దూకినవాడికి ఎంత ధైర్యముంటుందో, నాకంత ధైర్యం.

ఊళ్లో ఒక మిషన్ స్కూలుకు ఫ్రెంచి మాస్టారు కావాలని తెలిసి హెడ్మాస్టరు గారి దగ్గరకు వెళ్లాను.

"వ్యాకరణం వల్లె వేయించేవాళ్లు కావలసినంతమంది ఉన్నారండి. పిల్లలు మామూలు మాటలు మాట్లాడాలి. మంచినీళ్లడగాలి, బాగున్నారా అనాలి. మీ వల్లవుతుందా?" అన్నారాయన.

"నెల గడువివ్వండి. నలుగురిని పోగుచేసి నేర్పిస్తాను. మీరే వచ్చి వినండి."

"వింటాను. వాళ్లు మాట్లాడితే ఉద్యోగం మీదే."

గ్రంథాలయం వెనక గదిలో క్లాసు పెట్టాను. గదిలో తెలుగు నిషేధం. నోరు జారినవాళ్లు లేచి నిలబడాలి. కూర్చుంటానని ఫ్రెంచిలో అడిగేదాకా అంతే. మొదటి వారమంతా క్లాసు నిలబడే నడిచింది. మెల్లగా దారిలో పడ్డారు. భీమడోలు నుంచి రైల్లో వచ్చే ఎలిమెంటరీ బడి మాస్టారు పేతురు గారు కిటికీ తెరవమని ఫ్రెంచిలోనే అడిగేవారు. మండవల్లి నుంచి చేపలు తెచ్చి అమ్మే సోమయ్యకు ఫ్రెంచివాళ్ల యానాంలో వ్యాపారం పెట్టాలని ఆశ. బుట్ట పక్కన పెట్టుకుని, "ఇప్పుడే పట్టిన చేప, మెస్యూ!" అని అతను ఫ్రెంచిలో కేకేస్తే గోడల సున్నం రాలేది.

ఆ కేకలే కొంప ముంచాయి. నెల గడువు దగ్గరపడుతుండగా ఒకరోజు కానిస్టేబులు లైబ్రేరియన్ని ఆపి, "ఆ గదిలో ఏదో రహస్య భాష మాట్లాడతన్నారంట. ఏంటండీ సంగతి?" అని అడిగాడట. అది విన్నప్పటినుంచి గోడమీద బల్లి కూడా నాకు సీఐడీలాగే కనబడింది.

సరిగ్గా మర్నాడే ఒకాయన వచ్చాడు. నల్లకోటు, గొడుగు, చిన్న నోటుబుక్కు. తలుపు దగ్గర కూర్చుని, సోమయ్య నోరు తెరిచినప్పుడల్లా ఏదో రాసుకుని ముసిముసిగా నవ్వుతున్నాడు. ఎండా లేదు, వానా లేదు, గొడుగెందుకు? మీరే చెప్పండి!

దగ్గరకెళ్లాను. "తమరెవరండీ?"

"ఏం లేదండీ. ఊరికే విందామని వచ్చాను."

విందామని! సీఐడీకి అంతకన్నా పనేముంటుంది?

"ఏ ఊరండీ తమది?"

"తూర్పు వైపండీ," అని సోమయ్యవైపు తిరిగి గడగడా ఏదో అన్నాడు. వాలకం చూస్తే ఫ్రెంచే. నాకు మాత్రం ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. దాంతో రూఢి అయిపోయింది. మమ్మల్ని పట్టుకోవడానికి సర్కారువారు ఈయనకు భాష కూడా నేర్పించి పంపారు!

నల్లబల్ల మీది రాతంతా పైపంచెతో తుడిచేశాను. వాచకాన్ని చేపల బుట్టలో దాచేశాను. సోమయ్య చెవిలో, "ఫ్రెంచి ముక్క ఒక్కటి బయటికొచ్చినా అందరం జైలుకే," అన్నాను. ఆ గుసగుస గదంతా పాకింది.

పెద్దమనిషి ఈసారి తెలుగులో అడిగాడు. "మీరంతా ఫ్రెంచి నేర్చుకుంటున్నారాండీ?"

"నాకేం తెలవదండీ బాబూ. చేపలమ్ముకునేవోణ్ణి. నీడకని కూచున్నానండీ," అన్నాడు సోమయ్య.

పేతురు గారు గొంతు సవరించుకున్నారు. "ఇది ప్రార్థన కూటమండి."

"అవునండీ, భజనండీ!" అని సోమయ్య అందుకున్నాడు.

"ప్రార్థనా, భజనా?"

"ముందు అదండీ, ఆనక ఇదండీ."

"మరి ఇందాక చేపల గురించి ఏదో అన్నారే?"

"చేపలా? ఎక్కడండీ చేపలు?" అంటూ సోమయ్య బుట్టను మడమతో వెనక్కి నెట్టాడు. వీధి చివరి పిల్లికి కూడా ఆ బుట్ట ఎక్కడుందో తెలుసు.

ఆయన నావైపు చూశాడు.

"ఫ్రెంచి అనే భాష ఒకటుందని ఇప్పుడే తమ నోట వింటున్నానండీ," అన్నాను.

ఆయన నోటుబుక్కు మూసి వెళ్లిపోయాడు. అందరినీ జైలు నుంచి కాపాడానని శిష్యులు నన్ను మెచ్చుకున్నారు. నేనూ కాదనలేదు.

రెండోనాడు హెడ్మాస్టరు గారు కబురంపారు. వెళితే, ఆయన పక్క కుర్చీలో గొడుగాయన!

"నాకు జ్వరమొచ్చి రాలేకపోయానండి. వీరు యానాంలో చాలా ఏళ్లుగా ఫ్రెంచి మాస్టారు. తామెవరో చెప్పకుండా వెళ్లి వినమని నేనే పంపాను," అన్నారు హెడ్మాస్టరు గారు.

సుద్ద మరకలు ఇంకా పోని పైపంచెను వెనక్కి సర్దుకున్నాను.

గొడుగాయన నెమ్మదిగా అన్నారు: "మొదట బాగానే మాట్లాడారండీ. ఆ చేపలాయన తప్పులు మాట్లాడినా జంకు లేదు, ముచ్చటేసింది. ఇంతలో వీరు లేచొచ్చి ఆయన చెవిలో ఏదో చెప్పారు. అంతే! పాఠం నేర్పే మాస్టార్లను ఎంతోమందిని చూశానండీ. నేర్పిందంతా ఒక్క గుసగుసతో మరిపించే మాస్టారిని ఇప్పుడే చూశాను."

ఉద్యోగం ఇంకెవరికో పోయింది. సోమయ్యను మాత్రం యానాం రమ్మని, దుకాణానికి చోటు చూపిస్తానని ఆయన కబురు పెట్టారు.

అందుచేత, చదివేవారందరి సాక్షిగా, తూర్పుముఖంగా నిలబడి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా క్లాసుకు ఎవరొచ్చినా సరే, బేడీలు ఆడించుకుంటూ వచ్చినా సరే, ముందు పాఠం పూర్తిచేస్తాను. ఆ తర్వాతే భయపడతాను.