జాలి లేని డైస్

డైస్ వేసే ప్రతిసారీ మా గేమ్ మాస్టర్ కీబోర్డు మీంచి రెండు చేతులూ పైకెత్తేవాడు. "సూడండర్రా, నేను ముట్టుకోనేదు. డైసుకి జాలుండదు" అనేవాడు. ఆ చేతులు తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

విజయనగరంలో ఇంజనీరింగ్ చదివే రోజులవి. మా గేమ్ మాస్టర్ కాలేజీలో సీనియర్. ఆదివారాలు నెల్లిమర్లలో అతని ఇంట్లో నలుగురం లాప్‌టాప్‌లు తెరిచి కథల ఆట ఆడేవాళ్లం. కథ అతను చెప్పేవాడు. మా పాత్రలు బతకడమో చావడమో తెర మీద దొర్లే ఇరవై ముఖాల డైస్ తేల్చేది. ఆటలోని కత్తులూ మంత్రాలూ తీసేసి, నా పాత్ర బలాలు రాసుండే క్యారెక్టర్ షీట్‌లో తెప్ప, వల, ఈత అని గళ్లు పెట్టాడు. మాది శ్రీకూర్మం దగ్గర సముద్రపు ఊరు. నాన్న వేటకెళ్లి రాలేదు. తెప్ప మునిగిందని మా ఇంట్లో ఎవరూ అనేవారు కాదు. "ఇంకా రానేదు" అనేవారు, అంతే. ఆ సంగతి అతనికీ ఒకసారి చెప్పాను.

ఆటలో ఏ తుఫానుకీ నా తెప్ప మునగలేదు. అనుమానమొచ్చి ఒకరోజు షీట్ వెనకున్న ఫార్ములా తెరిచాను. సముద్రంలో పదికి తక్కువ పడితే పదిగా లెక్కించమని రాసుంది. నాకొక్కడికే!

"ఏటన్నా ఇది? నా మీద జాలా?" అని అరిచాను. అతను తల దించుకున్నాడు. ఆ లైను చెరిపేసి డైస్ వేశాను. మూడు పడింది. పదికి తక్కువైతే తెప్ప మునిగినట్టే.

"తెప్ప మునిగిపోనాదని సెప్పన్నా!"

ఈసారి అతను చేతులెత్తలేదు. నా లాప్‌టాప్ మెల్లగా మూసేశాడు.

"ఇంకా రానేదురా" అన్నాడు.