వార్డు వాకిట్లో పెయింటు ముగ్గు

ఆస్పత్రి గోడలకు రంగులేస్తే రోగికి మనసు కుదుటపడుతుందని చెప్పేవాళ్లను నేను తిట్టను. తిట్టే ఓపిక ఇప్పుడు లేదు. మా ఆయన చివరిగా ఉన్న వార్డుకు అట్లాగే రంగులేశారు. అందులో నేనూ చెయ్యి పెట్టాను. ఏం జరిగిందో అదే రాస్తాను. అరవై దాటాక మా కోడలి దగ్గర అక్షరాలు దిద్దుకున్నదాన్ని, సింగారించి రాయడం నాకు చేతకాదు.

మా ఆయన అంబత్తూరులో ఒక వర్క్‌షాపులో గ్రైండింగ్ మిషన్ దగ్గర పనిచేశాడు. ఆ పొడి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయన్నారు. పెద్దాస్పత్రిలో, తలుపు పక్క మంచం మీద, ముక్కుకు ఆక్సిజన్ ట్యూబు పెట్టి పడుకోబెట్టారు. కొన్నాళ్లకు ఆయన గోడవైపు తిరిగిపోయాడు. ఇడ్లీ వద్దు, గంజి వద్దు, పలకరింపు వద్దు. తినకపోతే మందు తట్టుకోలేడు, ఎట్లాగైనా తినిపించమని డాక్టరు నా మీద పెట్టి పోయాడు. ఎట్లా తినిపించాలో మాత్రం చెప్పలేదు.

ఆ రోజుల్లోనే డిజైన్ చదివే కాలేజీ పిల్లలు వార్డుకు వచ్చారు. వాళ్లకు పెద్ద ఒక ఆడపిల్ల. జుట్టు కురచగా కత్తిరించుకుని, ప్యాంటు నిండా రంగు మరకలతో ఉండేది. గోడలకు లేత పచ్చ పూసి, చెట్లు, పిట్టలు గీశారు. మా ఆయన మంచం దగ్గర గోడ మీద తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ఏదో పెద్దగా రాశారు. తమిళ ఊళ్లో ఉన్నా నాకు వచ్చింది తెలుగక్షరాలు మాత్రమే.

"ఏం రాసినావమ్మా ఆడ?" అని అడిగాను.

"నవ్వండి అని, పాటీ" అంది. తమిళంలో అవ్వను అట్లా పిలుస్తారు.

మా ఆయన గోడవైపే ఉండి అన్నాడు: "ముక్కులో ట్యూబు పెట్టి నవ్వమంటుండారా? ముందు ఆ డాక్టరును ఒకతూరి నవ్వమను, చూస్తాం."

ఆ పిల్ల పకపకా నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆయన నోట అంత పెద్ద మాట రావడం నేనూ అప్పుడే విన్నాను.

ఆ పిల్ల స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. "మా ఇంట్లో కూడా తెలుగే పాటీ. మా పాటికి మట్టుం బాగా వస్తుంది, నాకు కొంచం కొంచం. తాతకి ఇంట్లో ఏది చూస్తే ఇష్టం?"

"నా తప్పులు చూస్తే ఇష్టం" అన్నాను.

నిజమే చెప్పాను. రోజూ పొద్దున డ్యూటీకి పోయేముందు కాఫీ గ్లాసు పట్టుకుని గడప మీద కూర్చునేవాడు. నేను వాకిట్లో మెలికల ముగ్గు వేస్తుంటే తప్పు ఎక్కడ దొరుకుతుందా అని కాచుకునేవాడు. మెలికల ముగ్గులో ఒక్క చుక్క దగ్గర గీత తప్పుదారి పట్టిందంటే చివరికి ముగ్గు మూసుకోదు. అది నాకంటే ముందు ఆయనకు కనబడేది. పేరు పెట్టి పిలవడు, "మే, ఆడ తప్పినావు" అనేవాడు. బాగుందని మాత్రం ఒక్కనాడూ అనలేదు.

ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. "అయితే వార్డు వాకిట్లో మీరే ఒక ముగ్గు వెయ్యండి పాటీ. అందరికీ ఇల్లు మాదిరి ఉంటుంది."

పిండి వేస్తే జారి పడతారని సిస్టరు ఒప్పుకోలేదు. సరే, పెయింటు అన్నారు. పెయింటు ముగ్గు నాకు వింతగా అనిపించలేదు. పురసవాక్కం అంగళ్లలో స్టిక్కరు ముగ్గులు అమ్ముతారు, ఫ్లాట్లలో అందరూ అవే అంటించుకుంటారు. ఇంట్లో చావు జరిగితే పీకేస్తారు. ఇది పీకేది కాదని ఆ పిల్లకూ తోచలేదు, నాకూ తోచలేదు. నా బుద్ధంతా ఆ గంజి మీద ఉంది.

మోకాళ్లు పట్టుకుని వార్డు తలుపు దగ్గర కింద కూర్చున్నాను. చుక్కలు పెట్టి, బ్రష్షుతో గీత లాగుతూ పోయాను. సగం అయినాక వెనకనుంచి వినబడింది.

"మే, ఆడ తప్పినావు. కుడిచేతి మూల."

తిరిగి చూశాను. ఆయన ఇటు తిరిగి పడుకుని ఉన్నాడు. మూల చూశాను. తప్పే. వేలితో తుడవబోతే పెయింటు అలుముకుపోయింది. ఆ పిల్ల దాన్ని ఆరనిచ్చి, పైన గచ్చు రంగు పూసింది. దాని మీద నేను గీత సరిచేసి వేశాను.

ఆ సాయంత్రం ఆయన అర గ్లాసు గంజి తాగాడు. "ఉప్పు లేదు, మన్ను లేదు" అని తిట్టాడు. తిట్టు తిని సంతోషపడింది నా బతుకులో అప్పుడే. తర్వాత నాలుగైదు రోజులు అటే చూస్తూ పడుకునేవాడు. ముగ్గు తొక్కిన వాళ్లనల్లా వేలు చూపించి నాతో చాడీలు చెప్పేవాడు. ఒకనాడు ఇడ్లీ కూడా తిన్నాడు. లేచి ఇంటికొస్తాడనే అనుకున్నాను.

ఎదురు మంచం ఆయన పోయాడు. భార్య ఎన్నూరు మనిషి, మా తెలుగే. శవాన్ని ట్రాలీ మీద పెట్టి తలుపు దాకా తెచ్చాక ఆమె అడ్డం నిలబడింది.

"ముగ్గు మీద పీనుగను ఎట్ట తీసకపోతారయ్యా? తుడవండి ముందు."

"పెయింటుమ్మా అది, పోదు. జరుగు జరుగు" అన్నాడు వార్డుబాయ్.

"పోకపోయేది ఏందిరా? ముగ్గు పోకుండా ఉంటాదా?"

సీసాలో తాగే నీళ్లు కుమ్మరించి అరచేత్తో రుద్దింది. నేను పోయి పక్కన కూర్చుని చీర కొంగుతో రుద్దాను. చుక్క కూడా చెరగలేదు. ముగ్గు ఇంకా తళతళలాడింది. వార్డంతా తలలెత్తి చూస్తోంది. ఆమె లేచి, నా వైపు ఒకసారి చూసి, పక్కకు జరిగింది. ట్రాలీ ముగ్గు మీదుగా పోయింది.

నేను తడి కొంగుతో వచ్చి మంచం దగ్గర కూర్చున్నాను.

"నేను పోయినా అంతే కదా" అన్నాడు మా ఆయన.

"నోరు ముయ్యి" అన్నాను.

"ఇంటి ముందర అయితే తుడిచేదానివి."

ఆయన గోడవైపు తిరిగాడు.

మరునాడు ఆ పిల్లను పట్టుకుని చెప్పాను, ఆ ముగ్గు తీసెయ్యమని. విని కళ్లనీళ్లు పెట్టుకుంది. "నాకు తెలియదు పాటీ, మా ఇంట్లో స్టిక్కరే" అంది. గచ్చు రంగు డబ్బా తెచ్చింది కూడా. సిస్టరు ఒప్పుకోలేదు. పెద్దవాళ్లు వచ్చి ఓపెనింగ్ చేస్తారు, ఫొటోలు తీస్తారు, అప్పటిదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదంది. ఓపెనింగ్ జరిగింది. రిబ్బను కత్తిరించారు. రోగులకు ఇప్పుడు ఇంట్లో ఉన్నట్టు ఉందని ఎవరో మైకులో చెప్పారు. మా ఆయన గోడవైపే ఉన్నాడు. పక్కన గంజి చల్లారిపోయి మీగడ కట్టింది.

ఆ వారంలోనే పోయాడు. ట్రాలీ వచ్చేలోపల నేను సంచిలోంచి పాత చీర తీసి ముగ్గు మీద పరిచాను. చక్రానికి చీర చుట్టుకుంది. వార్డుబాయ్ వంగి చీర లాగేసి గోడవారకు విసిరాడు. వాడిని ఏమనేది? వాడికి ఇంకో వార్డులో పనుంది. నా ముగ్గు మీదుగానే ఆయన్ను తీసుకుపోయారు. ఇంటికొచ్చేసరికి మా కోడలు పొద్దున వేసిన ముగ్గు నీళ్లుపోసి చెరిపేసి ఉంది.

కర్మ అయ్యాక సర్టిఫికెట్టు కోసం మళ్లీ ఆస్పత్రికి పోవలసి వచ్చింది. పోకూడదనుకుంటూనే ఆ వార్డు దాకా పోయాను. తలుపు పక్క మంచంలో వేరే మనిషి ఉన్నాడు. ఓపెనింగ్ అయ్యాక ఆ ముగ్గు సంగతి ఎవరికీ పట్టినట్టు లేదు. ట్రాలీ చక్రాలకు అది అక్కడక్కడా అరిగింది. కుడిచేతి మూల పైన పూసిన గచ్చు రంగు లేచిపోయి, ఆయన తప్పని చెప్పిన గీత మళ్లీ బయటపడింది.

టిఫిన్ క్యారియరు పట్టుకుని ఒకామె వచ్చింది. నేను దారికి అడ్డం ఉన్నాను.

"ఏం పాటీ, ఎవురికోసం చూస్తుండావు?" అంది.

జరిగి దారిచ్చాను.