చెల్లెలితో మాటల వైద్యానికి

ఉదయం ఆరుంబావుకు తనకల్లులో బస్సెక్కాం, నేనూ మా చెల్లెలు రత్నా. నేను కదిరిలో టీచర్ని. రత్నకు ఏడాదిగా డిప్రెషన్. వంట చేయదు, తల దువ్వుకోదు, కూతురు పిలిచినా పలకదు. పోయిన నెల బావి గట్టున ఒక్కతే కూర్చుని ఉంటే మా మరిది, అంటే దాని మొగుడు, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. అప్పటినుంచి నాకు కంటిమీద కునుకు లేదు. మాత్రలు రాసిన డాక్టరు, “మందులతో పాటు మాటల వైద్యమూ కావాలమ్మా. అనంతపురంలో రెండు రకాలుండాయి. రెండూ చూసి, ఈయమ్మకి కుదిరింది పట్టుకోండి” అన్నాడు. ఏది మేలో నేనే తేల్చేద్దామని నోటుపుస్తకంలో రెండు గడులు గీసుకుని మరీ బయలుదేరాను. టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది!

కదిరి బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తిన్నాం. తిన్నది నేను, రత్న కెలికి వదిలేసింది. ఏడూముప్పావుకు అనంతపురం బస్సు. ఆడవాళ్ళు ఆధార్ కార్డు చూపిస్తే చాలు, టికెట్‌కు దుడ్లు అక్కర్లేదు. పక్క సీట్లో ముసలమ్మ రత్న వైపు చూసి, “ఏమమ్మా, పాపకి ఏమయింది? అట్ల వాడిపోయుండాదే?” అంది.

“నెత్తురు తక్కువవ్వా,” అన్నాను. మా వైపు ఈ జబ్బుకి అందరం చెప్పే పేరు అదే. రత్న కిటికీలోంచి ఎండిన శెనక్కాయ చేలు చూస్తూ కూర్చుంది.

పదింబావుకు అనంతపురం. ఆటోలో ఆసుపత్రికి పది నిమిషాలు. అక్కడి కౌన్సిలరు రత్న కంటే చిన్నది. మనసులో వచ్చిన ప్రతి ఆలోచననూ పట్టుకుని, అది నిజమా కాదా అని తరచి చూడటం ఆమె పద్ధతి. వారానికోసారి, ఒక్కరితో ఒక్కరే.

“నిద్ర పడ్తాందా రత్నా?” అని అడిగింది.

“యాడ మేడం, తెల్లారుజామున మూడుకే లేస్తాది,” అన్నాను నేను.

“అన్నం తింటాండావా?”

“రెండు ముద్దలు. అదీ నేను తిడితే.”

కౌన్సిలరు పెన్ను కింద పెట్టింది. “అక్కా, నేను రత్నని అడిగినా. నువ్వు కొంచేపు బయట కూర్చో.”

గది బయట సిమెంటు బల్ల మీద ముప్పావుగంట కూర్చున్నాను. నాకు మండింది. రత్న సంగతి నాకంటే ఎవరికి తెలుసు?

మధ్యాహ్నం ఆసుపత్రి ఎదురుగా మెస్సులో భోంచేసి, రెండున్నరకు రెండో చోటికి వెళ్ళాం. అది ఒక హాలు. ప్రతి బేస్తవారం ఇదే జబ్బున్న ఆడవాళ్ళు ఎనిమిది తొమ్మిది మంది చాపల మీద గుండ్రంగా కూర్చుంటారు. ఎవరి చావు మరవలేకపోతున్నారు, ఇంట్లో ఎవరితో పడటం లేదు, అవే మాటలు. ఒకరు చెప్తే మిగతావాళ్ళు వింటారు. నన్ను గడప దగ్గరే ఆపేశారు. ఒకసారి కిటికీలోంచి తొంగి చూస్తే రత్న పెదవులు కదులుతున్నాయి. ఏడాదిలో అంతసేపు మాట్లాడగా నేను చూడలేదు.

తిరుగు బస్సు నాలుగూముప్పావుకు. ఆ చాప మీద రత్న పక్కన కూర్చున్న ఓబులమ్మ కూడా మాతోనే ఎక్కి, ముదిగుబ్బలో దిగింది. “పై బేస్తవారం పన్నెండుకి ఈడే ఉంటా రత్నా,” అని కేకేసింది.

బస్సు కదిలాక అడిగాను. “యాది బాగుండాదే?”

“రెండూ.”

“అట్లంటే ఎట్ల? ఒకటి చెప్పు.”

“రెండు చోట్లా నిన్ను బయటికి పంపించినారక్కా. దానికే మాట్లాడగలిగినా.”

అమ్మ పోయినప్పుడు రత్నకు తొమ్మిదేళ్ళు. బడిలో, పెళ్ళిచూపుల్లో, కాన్పు గదిలో, అన్నిచోట్లా దాని బదులు నేనే మాట్లాడాను. అదే ప్రేమ అనుకున్నాను. ఏడుపు ఆగలేదు, కొంగు అడ్డం పెట్టుకున్నాను.

“కోపమొచ్చిందా?” అంది.

“లేదు,” అన్నాను. వచ్చింది.

“చాపల కాడికే పోతా. పై వారం నువ్వు రావద్దు. ఓబులక్క ఉంటాది కదా.”

తనకల్లు నుంచి ముదిగుబ్బ దాకా ఒక్కతేనా? నా మొహం చూసి దానికే అర్థమైంది.

“బావి కాడికి పోను లేక్కా. పోవాలనిపిస్తే ముందు నీకు ఫోన్ చేస్తా.”

ఆ మాట మా ఇద్దరి మధ్య పైకి రావడం అదే మొదటిసారి. కదిరి వచ్చేదాకా దాని చెయ్యి వదల్లేదు.

ఏ పద్ధతి మేలని ఇప్పుడు నన్నడిగితే చెప్పలేను, నా గడులు ఖాళీగానే ఉన్నాయి. మీవాళ్ళను తీసుకెళ్ళండి, బయట కూర్చోండి, అంతే. రత్న మూడు వారాలుగా నేను లేకుండానే వెళ్తోంది. బేస్తవారాల్లో నేను ఫోన్ చేతిలో పట్టుకునే పాఠం చెప్తున్నాను. మోగకూడదని మొక్కుకుంటూ, మోగితే మొదటి రింగుకే ఎత్తాలని.